నలగడంలో ఒక పద్ధతి

ముందుమాట అడగడానికి వచ్చేవాళ్లు మామూలుగా అరటిపళ్లో స్వీటు పెట్టో పట్టుకొస్తారు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి నా బల్ల మీద మూడు ముక్కలు పెట్టింది. ఒకటి కార్బిన్స్ కోవ్ ఒడ్డున ఏరుకొచ్చిన సముద్రపు నురుగు. రెండోది పాత తలుపులోంచి కోసిన బ్లాక్‌బోర్డు ముక్క. మూడోది బూడిద రంగు అల్యూమినియం దిమ్మ, బాగా పొంగిన ఇడ్లీని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. "మూడింటినీ బొటనవేలి గోరుతో నొక్కి చూడండి మాస్టారూ. రాస్తారో లేదో ఆ తర్వాత చెప్పండి" అంది.

నొక్కాను. సముద్రపు నురుగులో గోరు దిగింది. గోరు ఆనినంత మేరే గుంట పడింది, దాని పక్కన బీట కూడా లేదు. బ్లాక్‌బోర్డు మీద సన్నని నొక్కు పడింది. మూడోది గోరుకి లొంగలేదు. అది లొంగదని ముందే తెలిసినట్టు ఆమె సంచిలోంచి సుత్తి తీసింది. కొట్టాను. కొట్టినచోట సొట్ట పడింది, మిగతా దిమ్మ చెక్కు చెదరలేదు. నాకు వింతగా అనిపించింది దాని మోత. అల్యూమినియం ముక్క ఖణేల్‌మనాలి కదా, ఇది మట్టిగోడను గుద్దినట్టు మూగగా ఊరుకుంది.

సముద్రపు నురుగంటే అలల మీద తేలేది కాదని తీరప్రాంతం వాళ్లకి చెప్పనక్కర్లేదు. కటిల్ ఫిష్ వీపులో ఉండే తెల్లటి తేలికైన పలక అది. చిలక పంజరంలో వేలాడగడతారు, నాటు వైద్యంలో చెవి మందుకి అరగదీస్తారు. సంస్కృతంలో సముద్రఫేనం. ఇంగ్లీషువాడు దాన్ని ఎముక అన్నాడు. మనవాళ్లు నురుగు అన్నారు. మనవాళ్లదే సరైన మాట. అది ఎముక కాదు, లోపలికి పోయిన గవ్వ. నూటికి తొంభై పాళ్లకి పైగా ఖాళీ. పలచని అరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో వంపులు తిరిగిన సన్నటి గోడలు నిలబెట్టినట్టుంటుంది. వెలుపలి వైపు గట్టి పెంకు. అంత ఖాళీగా ఉండి కూడా అది సముద్రం అడుగున నీటి ఒత్తిడిని ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనంత బరువు మీద పడితే అరల్లో ఒకటి ముందు కూలుతుంది. మిగతావి నిలిచే ఉంటాయి.

ఈ పుస్తకం అంతా ఆ కూలే వరుస గురించే. పైన ఒక రేకు, కింద ఒక రేకు, మధ్యలో లోహపు నురుగు. ఆ పలక మీద బరువు పడితే ఎక్కడ ముందు లొంగుతుంది, ఆ తర్వాత ఏమవుతుంది, చివరికి ఏ రూపు తేలుతుంది?

రాసిన పిల్ల జంగ్లీఘాట్‌లో పుట్టింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలలు పట్టుకుని వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న పేట అది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదమూడుగురి ఇంటి భాష తెలుగు. నేను నలభై ఏళ్ల కిందట విశాఖపట్నంలో ఓడెక్కి, 1200 కిలోమీటర్లు కక్కుకుంటూ వచ్చి, ఇక్కడ కుర్రాళ్లకి పదార్థాల బలం పాఠం చెబుతూ ముసలివాణ్ణయ్యాను. మా ఊరు పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. నా నోటికి ఇంకా అలవాటు కాలేదు, పాఠకులు మన్నించాలి.

ఆమె తండ్రి పడవలు బాగుచేస్తాడు. ఫైబర్ పడవల్లో కొన్నిచోట్ల రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డో గట్టి నురుగో పెట్టి అతికిస్తారు. నీరు చొరబడితే లోపలి అతుకు ఊడుతుంది, పైకి ఏమీ కనపడదు. ఆయన వేలిముడితో తట్టుకుంటూ పోతాడు. టక్, టక్, టక్, ఉన్నట్టుండి బొద్దుగా ఒక మోత. అక్కడ సుద్దతో గీత గీస్తాడు. ఆ పిల్ల మొదటి ప్రయోగశాల అదే. తర్వాత పెద్ద చదువులకి మెయిన్‌లాండ్ వెళ్లి, ఖరీదైన యంత్రాల కింద ఇవే పలకల్ని నలిపింది. ఫలితం ఇంగ్లీషు పత్రికలకి పంపి ఊరుకోవచ్చు. తెలుగులో పుస్తకం రాయాలని ఎందుకనిపించిందని అడిగాను. "నాన్నకి చెప్పాలంటే మాటలు దొరకలేదు మాస్టారూ, వెతుక్కుంటూ పోతే పుస్తకమైంది" అంది.

ఆ దొరికిన మాటలే నాకు అన్నిటికంటే నచ్చాయి. శాండ్‌విచ్ అనే మాటను ఆమె పీకెయ్యలేదు, కానీ లోపలికి పోయాక దాన్ని 'రేకు, బెండు, రేకు' అనడం మొదలుపెడుతుంది. బెండు! వలకి కట్టే బెండు, పెళ్లి బాసికానికి వాడే జీలుగు బెండు. తేలికగా ఉండి లోపల గుల్లగా ఉండేదానికి మన దగ్గర ఇంత చక్కటి మాట ఉండగా, నలభై ఏళ్లు నేను పాఠంలో 'కోర్' అంటూ వచ్చాను. తెలుగు అకాడమీ వాళ్లు 'ప్రతిబలం' (స్ట్రెస్), 'వికృతి' (స్ట్రెయిన్) అని ఇచ్చిన మాటల్ని ఆమె గౌరవంగా ఉంచుకుంది. 'విమోటన' (షియర్) దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కకి తప్పుకుని 'జారుడు' అంది. కావాలంటే ఈ పుస్తకాన్నే రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి, అంచు మెట్లు మెట్లుగా తేలుతుంది. జారుడంటే అదే. పలక వంగినప్పుడు బెండు అనుభవించేది ఇదే.

సెల్యులర్ అనే మాట వింటే మా ఊళ్లో ఎవరికైనా ఒకటే గుర్తొస్తుంది. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేసిన ఆ ఏడు చేతుల జైలు. ఆ నీడలో బతికినవాళ్లం కాబట్టి, గదులున్న ఘనపదార్థాలకి ఇంగ్లీషులో అదే పేరని మొదటిసారి విన్నప్పుడు నాకు చెవిలో పుల్ల గుచ్చినట్టయింది. నిజానికి శాస్త్రంలో ఆ మాటకి మూలపురుషుడు రాబర్ట్ హుక్. 1665లో సీసా బిరడా పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి, లోపలి చిన్న చిన్న గదుల్ని 'సెల్' అన్నాడు. బిరడా ఎందుకు నొక్కుకుపోయి మళ్లీ లేస్తుందో ఆ గదుల్ని పట్టుకునే చెప్పాడు. పదమూడేళ్ల తర్వాత, లాగితే ఎంత సాగుతుందనే సూత్రాన్ని ప్రచురించిందీ ఆయనే. గదికి పేరు పెట్టినవాడూ, బరువుకీ సాగుడుకీ లెక్క కట్టినవాడూ ఒకడే కావడం ఈ శాస్త్రానికి పట్టిన అదృష్టం. మన పిల్ల ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి వెళ్లిపోయింది. నేనైతే ఒక అధ్యాయం రాసి చదివేవాళ్లని విసిగించి ఉందును.

లోహాన్ని పొంగించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అల్యూమినియంలో పాదరసం కలిపి ఆవిరిగా మార్చి బుడగలు పుట్టించే పద్ధతికి 1948లోనే బెంజమిన్ సోస్నిక్ అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. పాదరసపు ఆవిరి పీల్చి ఎవరు బతుకుతారు? ఆ తర్వాత దారులు మారాయి. జపాన్‌లో షింకో వైర్ వాళ్లు కరిగిన అల్యూమినియంలో ముందు నూటికి ఒకటిన్నర పాలు కాల్షియం కలిపి చిక్కబరిచే పద్ధతి తెచ్చారు. పాకం ముదరకపోతే బుడగ నిలవదు, నీళ్లపాకంలో నురుగు చూస్తుండగానే చప్పబడుతుంది. చిక్కబడ్డాక టైటానియం హైడ్రైడ్ పొడి వేస్తారు. ఆ వేడికి అది హైడ్రోజన్ వదులుతుంది, లోహం పొంగుతుంది. అల్పొరాస్ అనే పేరు దీనిదే. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ, కార్మన్ కార్ల కంపెనీ కలిసి ఇంకో దారి పట్టాయి. రెండు రేకుల మధ్య పొడి పెట్టి అదిమి, ఆ తర్వాత కొలిమిలో పొంగిస్తే బెండు రేకులతోనే అతుక్కుని పుడుతుంది. జిగురు అక్కర్లేదు. మన దేశంలో భోపాల్‌లోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల ఆంప్రిలో అల్యూమినియం నురుగు మీద చాలాకాలంగా పని సాగుతోంది.

ఇక అసలు సంగతి, నలగడం. ఘనసెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు. దాని నురుగు పావు గ్రాము. అంటే పదిలో తొమ్మిది పాళ్లు గాలి. బరువు పదోవంతయితే బిరుసు కూడా పదోవంతే ఉంటుందనుకుంటాం. కాదు, సుమారు వందోవంతుకి పడిపోతుంది. గది గోడలు నిటారుగా నొక్కుకోవు, వంగుతాయి. వంగే వస్తువు ఎప్పుడూ లోకువే. లోర్నా గిబ్సన్, మైకేల్ ఆష్‌బీ 1988లో వేసిన పుస్తకంలో పదోవంతు వర్గమే వందోవంతు అనే ఈ లెక్కను ఎంత తేలికగా తేల్చారో, మన రచయిత్రి అంత తేలికగానూ తెలుగులో తేల్చింది. అందుకు అగ్గిపుల్లలతో ఒక పెట్టె కట్టి చూపించింది.

నురుగు దిమ్మను పైనుంచి నొక్కుతూ పోండి. మొదట కొంచెంసేపు బరువు సూటిగా పెరుగుతుంది. ఆ సూటిగీత కూడా పూర్తిగా నమ్మదగింది కాదని, అప్పటికే అక్కడక్కడ బలహీనపు గదులు లొంగుతుంటాయని, బరువు తీసేటప్పుడు గీత ఇంకాస్త నిటారుగా దిగడమే దానికి సాక్ష్యమని ఆమె చూపిస్తుంది. చాలా పాఠ్యపుస్తకాలు ఇక్కడ కళ్లు మూసుకుంటాయి. ఆ తర్వాత ఒక అడ్డవరుస మొత్తంగా కూలుతుంది. కూలిన గదుల గోడలు ఒకదానికొకటి ఆనాక ఆ వరుస గట్టిపడి, పక్క వరుసకి పని అప్పగిస్తుంది. హడ్డో రేవులో ఓడ ఆగాక బంక్ క్లాసు వాళ్లు ఒక డెక్కు ఖాళీ చేసేదాకా పై డెక్కు వాళ్లు మెట్ల మీద కాచుకుని ఉంటారే, అలాగ. ఇదంతా జరుగుతున్నంతసేపూ పైనున్న బరువు దాదాపు పెరగదు. దిమ్మ ఎత్తు సగానికి పైగా తగ్గేదాకా గీత బల్లపరుపుగా సాగుతుంది. ఇక కూలడానికి వరుసలు మిగలనప్పుడు ఒక్కసారిగా లేస్తుంది.

లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. పది సెంటీమీటర్ల ఘనం, పావుకిలో బరువు, నీళ్లలో వేస్తే తేలుతుంది. దాన్ని నలపాలంటే చదరపు సెంటీమీటరుకి పదిహేను కిలోలు, మొత్తం మీద ఒకటిన్నర టన్ను పెట్టాలి. పెట్టాక అయిదారు సెంటీమీటర్లు దిగేదాకా అదే ఒకటిన్నర టన్ను దగ్గర నిలుస్తుంది. ఫీనిక్స్ బే జెట్టీకి పడవ గట్టిగా తగిలినప్పుడు జెట్టీకి కావలసింది సరిగ్గా ఇదే. దెబ్బను మింగాలి, కానీ వెనకనున్న గోడ మీద ఒక హద్దు దాటి ఒత్తకూడదు. అయితే జెట్టీకి వేలాడే పాత టైర్లు రోజూ పనిచేస్తాయి, నురుగు ఒక్కసారే చస్తుంది. అందుకని జెట్టీకి టైరే మేలు, బతుకులో ఒక్కసారి వచ్చే ప్రమాదానికి నురుగు మేలు అని ఆమె రాసింది. తన సరుకు గొప్పది అని చెప్పుకోవడానికి పుస్తకం రాసినవాళ్లు ఇలాంటి వాక్యం రాయరు.

పలక సంగతికొస్తే, రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు తీసుకోండి. చదరపు మీటరు 5.4 కిలోలు తూగుతుంది. దాన్ని ఒక్కో మిల్లీమీటరు చొప్పున రెండుగా చేసి, మధ్య ఆరు మిల్లీమీటర్ల నురుగు పెట్టండి. బరువు 6.9 కిలోలయింది. వంగకుండా నిలిచే బిరుసు కాగితం మీద 37 రెట్లయింది. అంత బిరుసు ఒకే రేకులో కావాలంటే 18 కిలోలు మోసుకురావాలి. సిమెంటు, ఇనుము, చివరికి బంగాళాదుంపలు కూడా ఓడలో వచ్చే ఊరివాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పనక్కర్లేదు. కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఆ 37లో బెండు తన జారుడుకి కొంత కోసుకుంటుంది. పొట్టి పలకయితే చాలానే కోసుకుంటుంది. ఈ కోతను మొదటి పేజీ నుంచే గుర్తు చేస్తూ వచ్చినందుకు నా తరఫున ఒక దణ్ణం.

ఈ ఎత్తుగడ మా దీవులకి పాతదే. 1883 నుంచి నడుస్తున్న ఛాథం రంపపుమిల్లు చుట్టుపక్కల పెరిగినవాళ్లకి తెలుసు, పడాక్ గుమ్మాలకి, గర్జన్ ప్లైవుడ్డు పలకలకి, పపీతా, దీదూ లాంటి మెత్తకర్ర అగ్గిపుల్లలకి, ప్లైవుడ్డు లోపలి పొరలకి. మంచి కర్ర పైన, మెత్త కర్ర లోపల. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన మస్కిటో విమానం కూడా ప్లైవుడ్డు రేకుల మధ్య బాల్సా బెండే. బ్లాక్‌బోర్డు కట్టుబడీ ఇదే, బల్ల మీద పెట్టిన ఆ ముక్క ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

అయిదో అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. పలకను రెండు చివర్లా ఆనించి నడిమధ్య గుండ్రటి కడ్డీతో నొక్కితే అది నాలుగు రకాలుగా పాడైపోవచ్చు. రేకు సాగి లొంగవచ్చు. పై రేకు ముడత పడవచ్చు. బెండు ఏటవాలుగా జారవచ్చు. కడ్డీ కింద సొట్ట పడవచ్చు. లొంగడం, ముడత, జారుడు, సొట్ట. ఈ నాలుగు మాటలూ వంటింట్లోవి, వీధిలోవి, పడవల షెడ్డులోవి. ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు. ఏది ముందొస్తుందో రేకు మందం, బెండు మందం, ఆనికల మధ్య దూరం, నురుగు సాంద్రత తేలుస్తాయి. లోహపు నురుగు బెండయితే ముడత అరుదు, రేకు మరీ పలచనయితేనే. 2001లో చెన్, హార్ట్, ఫ్లెక్ అనే ముగ్గురు ముడతను వదిలి మిగతా మూడింటినీ ఒక పటంగా గీశారు. ఫలానా మందాలు పెట్టుకుంటే ఫలానా పాటు, అంటే ఫలానా తీరులో పాడవడం, అని పటం చూసి చెప్పేయవచ్చు. ఆమె దాన్ని సముద్రపు చార్టుతో పోల్చింది. దిబ్బలెక్కడున్నాయో తెలిసినవాడు దిబ్బ పక్కనుంచే పోగలడు. నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి మాట: రెండు పాట్ల సరిహద్దు మీద నిలిచే పలక చేయొద్దు, అది ఏ రోజు ఏ బుద్ధి చూపిస్తుందో తెలియదు.

చివర్లు కదలకుండా బిగించిన పలక కథ వేరు. జారుడో సొట్టో అయిపోయాక ఇక పని ముగిసిందనుకుంటే, నడుము దిగబడిన పలకలో రేకులు రెండూ తాడులా బిగుసుకుని బరువును లాగి పట్టుకుంటాయి. బరువు మళ్లీ పెరుగుతుంది. నులకమంచం కూర్చోగానే దిగుతుంది, దిగాకే మోస్తుంది కదా. ఈ ఉపమానం ఆమెది, నేను అసూయపడ్డాను.

2004 డిసెంబరు 26 పొద్దున్న ఆరున్నరకి భూకంపం వచ్చినప్పుడు నేను దంతధావనం చేస్తున్నాను. ఆ సంగతులు ఇక్కడ వద్దు. మా ఊరు మీటరు వరకు కుంగింది, సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చింది, దీవుల దక్షిణపు కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకి పైగా దిగి దీపస్తంభం నీళ్లలో నిలబడింది. ఆ తర్వాత రేకుల షెడ్లలో ఏళ్లు గడిపినవాళ్లు నాకు తెలుసు. ఎండకి పెనం, వానకి డప్పు. బెండు లేని రేకు ఎంత నిస్సహాయమో చూడాలంటే దాని మీద కొబ్బరికాయ పడాలి. ఈ పుస్తకంలో ఆ లెక్క ఉంది. ఒకటిన్నర కిలో కాయ 15 మీటర్ల నుంచి పడితే 220 జౌల్స్ దాకా మోసుకొస్తుంది. అదంతా నురుగే మింగాలంటే సుమారు 150 ఘనసెంటీమీటర్ల మేర నలగాలి, అంటే ఒక టీ గ్లాసు పాటి సొట్ట. భూకంప పటంలో అయిదో మండలంలో పెట్టిన ఊళ్లో నలభై ఏళ్లు బలం గురించి పాఠం చెప్పాను. లొంగడం గురించి ఎప్పుడూ నాలుగు రోజుల కంటే ఎక్కువ చెప్పలేదు. సిలబస్సులో అంతే ఉండేది, నేనూ అంతకంటే అడగలేదు.

పొగడ్త ఒక్కటే రాస్తే ముందుమాట కాదు, పెళ్లి పద్యం అవుతుంది. కాబట్టి నా ఫిర్యాదు. తుప్పుకి ఈ పుస్తకంలో రెండే పేజీలు! ఏడాదికి మూడు మీటర్ల వాన, ఏడాదంతా ఉప్పుగాలి తినే ఊళ్లో పుట్టిన పిల్ల రాయాల్సిన లెక్కేనా ఇది? స్టీలు రేకు, అల్యూమినియం బెండు ఉప్పునీటి తడిలో ఒకదాన్నొకటి తాకితే బెండు తరిగిపోతుంది. గదులు మూసుకునే ఉంటాయి నిజమే, కోసిన అంచు దగ్గర అవన్నీ నోరు తెరుచుకుని ఉంటాయి. ఇదంతా వాళ్ల నాన్న వేలిముడికి తెలుసు. అతుకు ఊడటం గురించి కూడా ఇంకొంచెం రాయాల్సింది. పటంలోని పాట్లన్నీ అతుకు గట్టిగా ఉందనే నమ్మకం మీద గీసినవి. ఈ మాట అంటే ఆమె నవ్వి, "రెండో ముద్రణకి మాస్టారూ" అంది. రెండో ముద్రణ చూసేదాకా నేను ఉంటే అక్కడ ముందుమాటలో ఈ పేరా తీసేస్తాను.

ఇంజినీరింగు పిల్లలు అయిదో అధ్యాయం నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. మిగతావాళ్లు అగ్గిపుల్లల పెట్టెతో మొదలుపెట్టండి. సమీకరణాలు వచ్చినచోట భయం వేస్తే దాటేయండి, కింద ఆమె మళ్లీ మాటల్లో చెబుతుంది. పడవల షెడ్లలో పనిచేసేవాళ్లకి ఎవరైనా బిగ్గరగా చదివి వినిపిస్తే ఆమె సంతోషిస్తుంది. వాళ్ల నాన్న మొదటి మూడు అధ్యాయాలు అలాగే విన్నాడట. ఒకచోట ఆపి, "ఇది నేను చెప్పిందేగా" అన్నాడట.

లోహపు దిమ్మను ఆమె తిరిగి తీసుకెళ్లింది. చదువుకున్న చోట దానికి లెక్క అప్పజెప్పాలట. మిగతా రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. సముద్రపు నురుగు మీద నా గోటి గుంట అలాగే ఉంది.